పదకొండు మందికి డిస్నీ వరల్డ్‌లో బస: పెద్ద ఇల్లా, రిసార్టా?

పెద్దోడు_82
నవంబర్ మొదటి వారంలో ఆర్లాండో, ఐదు రాత్రులు. మొత్తం పదకొండు మందిమి. అమ్మ (68, రెండు మోకాళ్లూ నొప్పులే), నాన్న (73, నడక బాగానే ఉంది కానీ రాత్రి మూడుసార్లు లేస్తారు), మా అత్తగారు, మామగారు, నేను, మా ఆవిడ, పాప (9), బాబు (అప్పటికి రెండేళ్ల పది నెలలు), తమ్ముడు, మరదలు, వాళ్ల చంటిది (అప్పటికి ఏడు నెలలు).

తమ్ముడు డావెన్‌పోర్ట్ వైపు ఏడు బెడ్‌రూమ్‌ల ఇల్లు చూశాడు. వెనకాల సొంత స్విమ్మింగ్ పూల్ ఉంది. మా ఆవిడేమో రోజూ కార్లో తిరగడం తన వల్ల కాదు, డిస్నీ రిసార్ట్‌లోనే ఉందాం అంటోంది. అమ్మ మాత్రం ఒకటే మాట, అందరం ఒకేచోట ఉండాలని. మూడు వారాలుగా వాట్సాప్ గ్రూపులో లింకులు పడుతున్నాయి, ఎవరూ ఏదీ తేల్చడం లేదు. అమ్మానాన్నలు మళ్లీ ఇంత ప్రయాణం చేస్తారో లేదో తెలియదు. అందుకే ఇది పాడవకూడదని నాకు టెన్షన్. పెద్దవాళ్లతో, పిల్లలతో కలిసి వెళ్లొచ్చినవాళ్లు ఎక్కడ ఉన్నారో, మళ్లీ వెళ్తే ఎక్కడ ఉంటారో చెప్పండి.

నిద్రలేని_నాన్న
పెద్ద ఇల్లే. రెండో మాట వద్దు. పదకొండు మందికి హోటల్ గదులంటే నాలుగు తాళాలు, నాలుగు తలుపులు, ఎవరెక్కడున్నారో ఫోన్లు చేసుకోవడమే సరిపోతుంది.

బాతుల_కొలను
కార్లు ఎన్ని? డ్రైవింగ్ ఎవరు?

పెద్దోడు_82
ఏడు సీట్ల వ్యాన్ ఒకటి, మామూలు కారు ఒకటి. నేను, తమ్ముడు.

బాతుల_కొలను
అయితే ఒకటి గుర్తుపెట్టుకోండి. డిస్నీ వరల్డ్‌లో నాలుగు పార్కులు, మూడింట్లో కారు పెట్టాక గేటు దగ్గరే. మ్యాజిక్ కింగ్‌డమ్ అలా కాదు. కారు పెట్టేది చెరువుకి ఇవతల ఒడ్డున, టికెట్ అండ్ ట్రాన్స్‌పోర్టేషన్ సెంటర్ దగ్గర. అక్కడి నుంచి మోనోరైలో, ఫెర్రీనో ఎక్కి అవతలికి వెళ్లాలి. డావెన్‌పోర్ట్‌లో బయల్దేరి, ఐ-4 హైవే మీద ట్రాఫిక్ దాటి, పార్కింగ్ నుంచి నడిచి, సెక్యూరిటీ దాటి, ఫెర్రీ ఎక్కి, పార్కు లోపలి మెయిన్ స్ట్రీట్ మీద అడుగుపెట్టేసరికి మాకు గంటన్నర పట్టింది. అది పొద్దున అందరూ హుషారుగా ఉన్నప్పుడు. రాత్రి బాణసంచా అయ్యాక ఇదంతా వెనక్కి, నిద్రపోయిన పిల్లాణ్ని భుజాన వేసుకుని చేయాలి.

నిద్రలేని_నాన్న
గంటన్నర మరీ ఎక్కువ చెప్తున్నారు. మాకు యాభై నిమిషాల్లో అయిపోయింది. ఇంటికి రాగానే పిల్లలు వాళ్ల గదుల్లో పడుకున్నారు. మేము పెద్దవాళ్లతో కూర్చుని రాత్రి పన్నెండు దాకా కబుర్లు చెప్పుకున్నాం. హోటల్ గదిలో పిల్లలు పడుకుంటే పెద్దవాళ్లు ఏం చేయాలి? లైటు తీసేసి, ఫోన్ వెలుతురు దుప్పట్లో దాచుకుని, గుసగుసలాడాలి. మా నాన్నకి అదొక శిక్ష.

వంటింటి_లక్ష్మి
నిద్రలేని_నాన్న గారూ, ఆ కబుర్లు చెప్పుకునేటప్పుడు వంటింట్లో ఎవరున్నారో చెప్పండి.

మేమూ రెండేళ్ల క్రితం తొమ్మిది మందిమి ఇలాంటి ఇంట్లోనే దిగాం. వంటిల్లు ఉంది కదా అని ఇంటిల్లిపాదీ భోజనం ఇంట్లోనే అనుకున్నారు. నేనూ, మా తోటికోడలూ పొద్దున ఐదున్నరకి లేచి తొమ్మిది మందికి టిఫిన్, మధ్యాహ్నానికి డబ్బాలు. రాత్రి పార్కు నుంచి వచ్చాక మళ్లీ గిన్నెలు. అయిదు రోజుల్లో నేను పూల్‌లో కాలు పెట్టింది ఒక్కసారి, అదీ మా చిన్నాడి బంతి తీయడానికి. ఇల్లు తీసుకోండి, తప్పులేదు. కానీ వంట ఎవరు, ఏ పూట, గిన్నెలు ఎవరు అన్నది బుక్ చేసే ముందే రాసుకోండి. వెళ్లాక అడిగితే గొడవ అవుతుంది.

ఇంకోటి, ఆ ఇంట్లో పూల్ వైపు తలుపుకి అలారం ఉంది. ఫ్లోరిడాలో 2000 తర్వాత కట్టిన ఇళ్ల పూల్‌కి కంచో, కవరో, తలుపుకి అలారమో ఏదో ఒకటి ఉండాలని చట్టం. చిన్నపిల్లలున్న ఇంటికి అది మంచిదే. మా మామగారు అలవాటు ప్రకారం తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి, గాలి కోసం ఆ తలుపు తీశారు. ఇల్లంతా కూత పెట్టింది. ఆయన తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. మూయాలో, తీసే ఉంచాలో తెలియక చేతులు వణుకుతున్నాయి. మేమందరం మెట్ల మీద నుంచి పరుగెత్తుకుంటూ దిగాం. తర్వాత నాలుగు రోజులూ ఆయన మేము లేచేదాకా మంచం మీదే కూర్చున్నారు. మీ నాన్నగారు రాత్రి మూడుసార్లు లేస్తారన్నారు కదా, అందుకని చెప్తున్నా. దిగిన మొదటి గంటలోనే ఆ అలారం ఎలా పనిచేస్తుందో ఆయన చేయి పట్టుకుని చూపించండి.

చినుకు
మీ మామగారి సంగతి చదివితే మనసుకి ఎలాగో అయిపోయింది.

నిద్రలేని_నాన్న
లక్ష్మి గారు, మా ఇంట్లో వంట మేం మగవాళ్లమే చేశాం, నిజంగా. కానీ మీరు చెప్పింది సరైనదే. రాసుకుని వెళ్లాలి.

రెండు_సూట్‌కేసులు
మేము మధ్యేమార్గం పట్టాం. ఆర్ట్ ఆఫ్ యానిమేషన్ అనే డిస్నీ రిసార్ట్‌లో ఫ్యామిలీ సూట్లు రెండు. ఒక్కోదాంట్లో ఆరుగురు పడతారు, రెండేసి బాత్రూమ్‌లు. మైక్రోవేవ్, ఫ్రిజ్ ఉంటాయి కానీ స్టవ్ ఉండదు, కాబట్టి వంట గొడవే లేదు. పిల్లలకి ఆ కార్ల బొమ్మలు, నీమో పూల్ చూస్తే పార్కుకి వెళ్లాలనే ధ్యాసే ఉండదు. స్కైలైనర్ రోప్‌వే అక్కడి నుంచే హాలీవుడ్ స్టూడియోస్, ఎప్‌కాట్ పార్కులకి వెళ్తుంది. కరీబియన్ బీచ్ రిసార్ట్ దగ్గర మారాలి. స్ట్రోలర్ మడవక్కర్లేదు, అలాగే తోసుకెళ్లొచ్చు. బస్సుల్లో అయితే పిల్లాణ్ని దించి, స్ట్రోలర్ మడిచి, ఒక చేత్తో పిల్లాడు, ఒక చేత్తో స్ట్రోలర్.

లోపాలు కూడా చెప్తాను. సూట్‌లో మంచాలు మూడు రకాలు: గదిలో క్వీన్, హాల్లో సోఫా మంచం, ఇంకొకటి డైనింగ్ బల్లని మడిస్తే వచ్చేది. పెద్దవాళ్లకి లోపలి గది ఇచ్చేయండి. మిగిలినవాళ్లు హాల్లో పడుకోవాలి, అంతే. స్కైలైనర్‌లో ఏసీ ఉండదు. మెరుపులు వస్తే ఆపేస్తారు. మేము జూన్‌లో వెళ్లాం, రోజూ మధ్యాహ్నం ఉరుములే. నవంబర్‌లో అంత బాధ ఉండదు.

పెద్దోడు_82
రెండు సూట్లు పక్కపక్కనే ఇస్తారా? అమ్మ అడిగేది అదే.

రెండు_సూట్‌కేసులు
అడగాలి. రిక్వెస్ట్ అని రాసుకుంటారు, మాట ఇవ్వరు. మాకు ఒకే అంతస్తులో, మధ్యలో నాలుగు తలుపుల తేడాతో వచ్చాయి. మా పెద్దమ్మ నైటీ మీద శాలువా కప్పుకుని ఆ వరండాలో అటూ ఇటూ తిరుగుతూ రెండు సంసారాలు నడిపింది.

మోకాలి_చిప్ప
అందరూ మంచాలు లెక్కపెడుతున్నారు. మెట్లు లెక్కపెట్టండి.

మా అమ్మకి రెండు మోకాళ్లూ మార్పించాం. ఆపరేషన్‌కి ముందోసారి, తర్వాతోసారి డిస్నీ వరల్డ్ తీసుకెళ్లాం. డిస్నీ రిసార్టుల్లో చూసుకోవాల్సినవి ఇవి. ఓల్డ్ కీ వెస్ట్‌లో రెండు బెడ్‌రూమ్‌ల విల్లాలు చాలా విశాలం, తొమ్మిది మంది పడతారు, డిస్నీ విల్లాల్లో అన్నిటికంటే పాతవి (1991). కానీ అక్కడ ఏదో రెండు మూడు బిల్డింగులకి తప్ప లిఫ్ట్ లేదు. పైఅంతస్తు ఇస్తే మీ అమ్మగారు రోజుకి నాలుగుసార్లు మెట్లు. సరటోగా స్ప్రింగ్స్‌లో ట్రీహౌస్ విల్లాలని ఉంటాయి, మూడు బెడ్‌రూమ్‌లు, తొమ్మిది మంది. ఫొటోలు చూస్తే ప్రాణం లేచొస్తుంది. కానీ అవి స్తంభాల మీద కట్టినవి, మెట్లెక్కితేనే ఇల్లు. పోర్ట్ ఆర్లీన్స్ రివర్‌సైడ్‌లో అలిగేటర్ బయూ వైపు రెండంతస్తుల ఇళ్లు, లిఫ్ట్ లేదు. ఈ మూడూ మీ జాబితాలో ఉంటే కొట్టేయండి, లేదా కింది అంతస్తు ఖాయంగా ఇస్తామంటేనే తీసుకోండి.

తర్వాత బాత్రూమ్. మామూలు గదుల్లో చాలాచోట్ల షవర్ టబ్బులోనే ఉంటుంది. ఆ టబ్బు గోడ మోకాలెత్తు. కాలు ఎత్తి లోపలికి పెట్టడం ఒక ఎత్తు, ఒళ్లంతా తడిగా ఉన్నప్పుడు బయటికి రావడం ఇంకో ఎత్తు. మొదటిసారి మా అమ్మ రెండు రోజులు స్నానం చేయకుండా మాకు చెప్పలేదు. ఒళ్లు తుడుచుకున్నానే అంది. మూడో రోజు నేను టవల్ పొడిగా ఉండటం చూసి అడిగితే అప్పుడు ఏడ్చింది. చక్రాల కుర్చీతో సహా వెళ్లగలిగే షవర్ ఉన్న గదులు వేరే ఉంటాయి, బుక్ చేసేటప్పుడే అడగాలి. విల్లాల్లో అయితే పెద్ద బెడ్‌రూమ్‌కి టబ్బు వేరే, షవర్ వేరే ఉండేవి చాలా ఉన్నాయి. ఆ గది మీ అమ్మకి ఇవ్వండి. మీరు హాల్లో సోఫా మీద పడుకోండి.

చినుకు
టవల్ పొడిగా ఉండటం... మా అత్తయ్య కూడా ఇలాగే ఏదీ చెప్పదు. ఈ పోస్టు సేవ్ చేసుకున్నాను.

పెద్దోడు_82
మోకాలి_చిప్ప గారూ, చాలా థ్యాంక్స్. బాత్రూమ్ గురించి నేనసలు ఆలోచించనే లేదు. చక్రాల కుర్చీ తీసుకుందామంటే అమ్మ ఒప్పుకోవడం లేదు, నడుస్తాను అంటోంది.

మోకాలి_చిప్ప
అందరూ అలాగే అంటారు. ఒక పార్కులో రోజంతా తిరిగితే పది మైళ్ల దాకా నడక పడుతుంది. కుర్చీ అనకండి. నాన్నగారికి, సంచులకి పనికొస్తుందని బండి తీసుకుంటున్నాం అనండి. మా అమ్మ అరగంట దాని పక్కన నడిచి, తర్వాత తనే కూర్చుంది. మోనోరైల్లోకి పలక వేసి తోస్తారు, బస్సులో ర్యాంపు వేసి ముందు ఎక్కిస్తారు, స్కైలైనర్‌కి క్యాబిన్ ఆగే లైను వేరే ఉంటుంది.

లెక్కల_మేడమ్
పాయింట్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. డిస్నీ వెకేషన్ క్లబ్‌లో డబ్బు కట్టి చేరినవాళ్లకి విల్లాల్లో ఉండటానికి ఏటా పాయింట్లు వస్తాయి. ఆ సభ్యుల దగ్గర పాయింట్లు అద్దెకి తీసుకుంటే, అవే విల్లాలు డిస్నీ చెప్పే ధర కంటే బాగా తక్కువకి వస్తాయి. సభ్యులకి తాము సభ్యత్వం కొన్న రిసార్ట్‌లో 11 నెలల ముందు, మిగతా రిసార్టుల్లో 7 నెలల ముందు బుకింగ్ తెరుస్తారు. మీకు ఇంకా ఎనిమిది నెలలుంది. నవంబర్ మొదటి వారమంటే ఆ సభ్యులు ఎగబడే కాలం, కాబట్టి మీకు కావాల్సిన రిసార్ట్‌లోనే సభ్యత్వం ఉన్నవాళ్లని పట్టుకోవాలి.

మీ సంఖ్యకి ఏది సరిపోతుందో చూద్దాం. మూడు బెడ్‌రూమ్‌ల గ్రాండ్ విల్లాలో 12 మంది, అమ్మగారి కోరిక తీరుతుంది, కానీ దాని ధర చూస్తే నోట మాట రాదు. రెండు బెడ్‌రూమ్‌ల విల్లాలో చాలాచోట్ల 9 మంది, దానికి తోడు ఒక స్టూడియో (4) తీసుకుంటే 13. ఇది గ్రాండ్ విల్లా కంటే చాలా చవక. మూడేళ్లలోపు బిడ్డ ఒకరు ఊయల మంచంలో ఉంటే లెక్కలోకి రారు. విల్లాలో పూర్తి వంటిల్లు, బట్టలు ఉతికే మెషీన్, ఆరబెట్టేది ఉంటాయి. స్టూడియోలో స్టవ్ ఉండదు.

ఇల్లుతో పోల్చేటప్పుడు రాత్రి ధర ఒక్కటే చూడకండి. ఇంటికి క్లీనింగ్ ఫీజు, పూల్ వేడి చేసే చార్జీ (నవంబర్‌లో అవసరమే), పన్నులు, రెండో అద్దె కారు, పార్కుల్లో రోజూ పార్కింగ్, అన్నీ కలపండి. డిస్నీ రిసార్ట్‌లో ఉంటే పార్కుల పార్కింగ్ ఉచితం. హోటల్ ధర మీద ఆరెంజ్ కౌంటీలో 12.5 శాతం పన్ను పడుతుంది, అదీ కలపండి. మీ బాబుకి మూడేళ్లు నిండే లోపే వెళ్తున్నారు, టికెట్ అక్కర్లేదు. చంటిదానికీ అక్కర్లేదు. పాపకి పదేళ్లు నిండకపోతే పిల్లల ధర.

పాత_గాయం
పాయింట్ల దగ్గర జాగ్రత్త. ఒకసారి కట్టాక చాలావరకు డబ్బు వెనక్కి రాదు. మా అమ్మకి బయల్దేరే పది రోజుల ముందు ఛాతీ నొప్పి వచ్చి హాస్పిటల్లో చేర్చాం. పాయింట్లు అద్దెకి ఇప్పించిన ఏజెన్సీ వాళ్లు కాంట్రాక్టులో నాలుగో పేజీ చూసుకోమన్నారు. వాళ్ల తప్పు లేదు, నేనే చదవలేదు. డిస్నీలో నేరుగా గది మాత్రమే బుక్ చేసి ఉంటే ఐదు రోజుల ముందు వరకు రద్దు చేసుకుని కట్టింది వెనక్కి తీసుకునేవాణ్ని. (టికెట్లతో కలిపి ప్యాకేజీ అయితే 30 రోజులు.) ఇంతమంది పెద్దవాళ్లు ఉన్న ప్రయాణానికి ఆ వెసులుబాటు విలువ చాలా ఉంటుంది.

లెక్కల_మేడమ్
నిజమే. పాయింట్లతో వెళ్తే ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోవాలి, ముందు నుంచే ఉన్న జబ్బులు కవర్ అవుతాయో లేదో చదివి తీసుకోవాలి. మీ అమ్మగారు ఇప్పుడెలా ఉన్నారు?

పాత_గాయం
బాగుంది. మరుసటి ఏడాది తీసుకెళ్లాం.

జిరాఫీ_బాబాయ్
ఎవరూ యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ అనలేదే! ఆ డిస్నీ రిసార్ట్‌లోని కిడానీ విలేజ్‌లో రెండు బెడ్‌రూమ్‌ల విల్లా, తొమ్మిది మంది, బాత్రూమ్‌లు మూడు. జంతువులు తిరిగే గడ్డి మైదానం (సవానా) వైపు బాల్కనీ తీసుకోండి.

మా తాతయ్యకి అప్పుడు 81. పార్కులో రెండో రోజుకే అలసిపోయారు. మూడో రోజు నన్ను వదిలేయండి అన్నారు. తెల్లవారి నేను లేచేసరికి బాల్కనీలో కుర్చీ రెయిలింగ్ దాకా లాక్కుని కూర్చున్నారు. ఎదురుగా జిరాఫీ. చెట్టుకి కట్టిన కొమ్మల నుంచి ఆకులు పీకుతోంది, నాలుక నల్లగా, బారెడు పొడవు. తాతయ్య చేతిలో గ్లాసు అలాగే పట్టుకుని, టీ చల్లారిపోయినా తాగకుండా చూస్తున్నారు. "ఒరేయ్, ఇది ఆవులాగే నెమరేస్తుందిరా" అన్నారు. ఆ రోజు ఎనిమిది గంటలు అక్కడే కూర్చున్నారు. ఆయనకి టికెట్ కొనకుండా ఉంటే బాగుండేదనిపించింది. సాయంత్రం కింద సనా అనే రెస్టారెంట్‌లో తిన్నాం. అక్కడ నాన్, రకరకాల పచ్చళ్లు పెడతారు, పెద్దవాళ్లకి నోటికి హితంగా ఉంది.

బాతుల_కొలను
బాబాయ్, తాతయ్య సంగతి చాలా బాగుంది. కానీ అక్కడి నుంచి ఎక్కడికైనా బస్సు తప్ప గతి లేదు, మ్యాజిక్ కింగ్‌డమ్ ఆ చివర. పైగా కిడానీ వరండాలు ఎంత పొడుగంటే లిఫ్ట్ నుంచి గది దాకా నడిచేసరికే మా అత్తయ్య ఒకసారి కూర్చుంది. ఈయనకి రెండున్నరేళ్ల బాబు, ఏడు నెలల చంటిది. మధ్యాహ్నం నిద్రకి వెనక్కి రావాలి కదా.

జిరాఫీ_బాబాయ్
వరండా పొడుగే, ఒప్పుకుంటా. లిఫ్ట్ దగ్గర గది అడగాలి. కానీ రోజూ మధ్యాహ్నం వెనక్కి రావడం ఎవరికి అవుతుంది? అనుకోవడమే.

బాతుల_కొలను
మాకు అయింది! అదే చెప్తున్నా. రెండోసారి మేము బే లేక్ టవర్‌లో ఉన్నాం. అదీ డిస్నీ విల్లాలే, కంటెంపరరీ రిసార్ట్ పక్కనే, మధ్యలో వంతెన. అక్కడి నుంచి మ్యాజిక్ కింగ్‌డమ్ గేటుకి పది నిమిషాల నడక. పన్నెండున్నరకి పిల్లలు ఏడుపు మొదలెట్టగానే ఎవరూ చర్చ పెట్టలేదు. మా ఆయన స్ట్రోలర్ తిప్పాడు, మా అమ్మ వెనకే నడిచింది, ఒంటి గంటకి పిల్లలూ, అమ్మా ఏసీలో గురక. మేమిద్దరం మళ్లీ పార్కుకి. నాలుగున్నరకి వాళ్లే స్నానాలు చేసుకుని తిరిగొచ్చారు. మొదటిసారి ఇంట్లో దిగినప్పుడు అదే పిల్లలు, అదే అమ్మ. ఒక్కరు అలసిపోతే పదిమందీ ఇంటికి పోవాలి, కారు ఒకరి దగ్గరే ఉంటుంది కాబట్టి. అందుకే ఎవరూ అలసిపోయానని చెప్పలేదు. సాయంత్రానికి అందరూ ఒకరి మీద ఒకరు అరుచుకున్నారు.

మోకాలి_చిప్ప
ఇది బంగారం లాంటి మాట. పార్కు నుంచి మంచం దాకా ఎంతసేపు, ఎవరి సాయం లేకుండా వెళ్లగలరా అన్నదే చూడాలి.

స్టార్_స్టార్
డిస్నీ కాకుండా యూనివర్సల్ వాళ్ల పార్కులు కూడా చూడండి. వాళ్ల కొత్త పార్కు ఎపిక్ యూనివర్స్ 2025 మే 22న తెరిచారు. వాళ్ల కబానా బే హోటల్లో ఆరుగురు పట్టే ఫ్యామిలీ సూట్లు ఉన్నాయి. పోర్టోఫినో, హార్డ్ రాక్, రాయల్ పసిఫిక్ హోటళ్లలో ఉంటే పాత రెండు పార్కుల్లో క్యూ లేకుండా ఎక్స్‌ప్రెస్ పాస్ గదితోనే వస్తుంది.

రెండు_సూట్‌కేసులు
టీనేజ్ పిల్లలుంటే నేనూ అదే అనేవాణ్ని. ఎపిక్‌కి మాత్రం ఆ పాస్ పనిచేయదు. వీళ్ల పెద్ద పాపకే తొమ్మిదేళ్లు, మిగతా ఇద్దరూ చంకన ఉండేవాళ్లు. వీళ్లకి డిస్నీయే.

వనజ_అత్త
మా ఇంట్లో నలుగురు అక్కచెల్లెళ్లం, ఇలాంటి ప్రయాణాలు ఆరు చేశాం. గదులు దొరుకుతాయి. గొడవ వచ్చేది డబ్బు దగ్గర. పెద్దోడు గారూ, మీరు ఎవరు ఎంత ఇస్తున్నారో మాట్లాడుకున్నారా? మీరేమీ అనలేదు కాబట్టి అడుగుతున్నా.

పెద్దోడు_82
సగం సగం అనుకున్నాం. నేను, తమ్ముడు.

వనజ_అత్త
మీ అత్తమామల ఖర్చు కూడా మీ తమ్ముడు సగం పెట్టుకోవాలా?

చిన్నోడు_ఇక్కడే
అన్నయ్యా, నేనే. వదిన లింకు పంపింది. మొత్తం చదివాను.

ఇల్లు ఎందుకు అన్నానో వాట్సాప్‌లో చెప్పలేకపోయాను, అక్కడ నాన్న చూస్తారు. పాప పుట్టాక తను ఉద్యోగానికి ఇంకా వెళ్లడం లేదు. డిస్నీ విల్లాల ధర చూసి నాకు కడుపులో దేవినట్టయింది. అందుకే ఇల్లు ఇల్లు అన్నాను. పూల్ కోసం కాదు. నువ్వు మొత్తం నేనే పెట్టుకుంటానంటావని తెలుసు, అది నాకు ఇష్టం లేదు.

చినుకు
అయ్యో.

నిద్రలేని_నాన్న
చిన్నోడు గారూ, ఇక్కడైనా చెప్పారు, మంచి పని చేశారు.

వనజ_అత్త
నాయనా, ఇది ప్రతి ఇంట్లోనూ ఉండేదే. మేము మొదట్లో మనిషికింత అని పంచుకున్నాం, పిల్లలెక్కువ ఉన్న చెల్లికి భారమైంది. తర్వాత మా పద్ధతి మార్చాం. ఎవరు ఏ గదిలో పడుకుంటే ఆ గదిది వాళ్లది. అమ్మానాన్నల గది మాత్రం అక్కచెల్లెళ్లం తలా ఇంత, ఎవరికి ఎంత వీలైతే అంత, అంకె అడగకూడదు. మా పెద్దక్క ఒక్కతే ఆ కవర్లు తీసేది, ఎవరెంత పెట్టారో ఇప్పటికీ మాకు తెలియదు.

లెక్కల_మేడమ్
ఈ పద్ధతికి విల్లా ప్లస్ స్టూడియో చక్కగా సరిపోతుంది. తమ్ముడి కుటుంబం ముగ్గురూ స్టూడియోలో. దాని ధర మాత్రమే వాళ్లది. రాత్రి చంటిది ఏడ్చినా మిగతావాళ్ల నిద్ర చెడదు. విల్లాలో ఎనిమిది మంది: పెద్ద బెడ్‌రూమ్ అమ్మానాన్నలకి, రెండోది అత్తమామలకి, హాల్లో సోఫా మంచం మీద మీరిద్దరూ, మడత మంచం మీద పాప, ఊయల మంచంలో బాబు. బే లేక్ టవర్‌లో రెండు బెడ్‌రూమ్‌ల విల్లాకి మూడు బాత్రూమ్‌లుంటాయి, కాబట్టి నాన్నగారు రాత్రి ఎన్నిసార్లు లేచినా ఎవర్నీ దాటుకుని వెళ్లక్కర్లేదు. ఐదు రాత్రులు నాలుగు చేయండి. పెద్దవాళ్లకి నాలుగు రోజులూ టికెట్ కొనకండి, రెండు రోజులు చాలు. మిగతా రెండు రోజులు మోనోరైలెక్కి పాలినీషియన్, గ్రాండ్ ఫ్లోరిడియన్ రిసార్టులు తిరిగి రావచ్చు, దానికి టికెట్ లేదు. రాత్రి చెరువు మీద దీపాల పడవల ఊరేగింపు వస్తుంది, 1971 నుంచి ఉన్నదే, ఒడ్డున కూర్చుని చూడొచ్చు. అక్కడ మిగిలిన డబ్బుతో ఇల్లుకీ దీనికీ మధ్య తేడా చాలావరకు తగ్గుతుంది.

పాత_గాయం
ఇన్సూరెన్స్. మళ్లీ చెప్తున్నా.

వంటింటి_లక్ష్మి
వంటిల్లు ఉంది కదా అని మరదల్ని నిలబెట్టకండి. పొద్దున పాలు, బ్రెడ్డు, పండ్లు. రాత్రి అన్నం, పెరుగు, ఒక పచ్చడి. అంతకుమించి వద్దు. తాలింపు పెట్టేటప్పుడు స్టవ్ మీది ఫ్యాన్ వేయండి, పొగ అలారం మోగితే మళ్లీ అందరూ పరుగులే.

జిరాఫీ_బాబాయ్
సరే, నేనూ బే లేక్ టవర్‌కే ఓటు. కానీ ఒక మధ్యాహ్నం పెద్దవాళ్లని యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌కి తీసుకెళ్లండి. అక్కడ ఉండకపోయినా సనాలో టేబుల్ బుక్ చేసుకుంటే కిటికీలోంచి జంతువులు కనిపిస్తాయి. 60 రోజుల ముందు బుకింగ్ తెరుస్తారు, ఆ రోజు పొద్దున్నే లేవండి.

పెద్దోడు_82
రెండు రోజులు ఆలస్యమైంది, క్షమించండి. తమ్ముడితో ఫోన్లో చాలాసేపు మాట్లాడాను. పదేళ్లలో మేమిద్దరం డబ్బు గురించి ఇంత తిన్నగా మాట్లాడుకోలేదు. నిన్న అమ్మకి ఫోన్ చేసి, ఏడు గదుల ఇల్లు, పూల్ ఒకవైపు, పార్కు పక్కనే చిన్న గదులు ఒకవైపు, ఏది కావాలి అని అడిగాను. "మీరు తిరుగుతూ ఉండండిరా, నాకు ఓపిక అయిపోయినప్పుడు ఎవర్నీ అడగకుండా పోయి పడుకునే చోటు ఉంటే చాలు" అంది. మరి అందరం ఒకేచోట అన్నావుగా అంటే, "భోజనానికి ఒకేచోట ఉండాలన్నాను, పడుకోడానికి కాదు" అంది.

బే లేక్ టవర్, రెండు బెడ్‌రూమ్‌ల విల్లా, ఒక స్టూడియో, నాలుగు రాత్రులు. పాయింట్లున్న ఒక సభ్యురాలు దొరికింది. కాంట్రాక్టు నాలుగో పేజీతో సహా చదివాను. రెండూ ఒకే అంతస్తులో, లిఫ్ట్ దగ్గర ఇవ్వమని రిక్వెస్ట్ రాయించాను. ఇన్సూరెన్స్ తీసుకున్నాను. చక్రాల కుర్చీ నాన్న పేరు మీద మాట్లాడాను.

మోకాలి_చిప్ప
వెళ్లాక పెద్ద బెడ్‌రూమ్ షవర్‌లో రబ్బరు మ్యాట్ ఉందో లేదో చూడండి. లేకపోతే అడిగితే ఇస్తారు. మొదటి రోజే.

బాతుల_కొలను
విల్లాలకి చెక్-ఇన్ నాలుగింటికి. ముందే చేరితే సామాను కింద వదిలేసి అందరూ కలిసి పార్కుకి నడవండి. ఎయిర్‌పోర్టు నుంచి డిస్నీ ఉచిత బస్సు ఇప్పుడు లేదు, 2022 జనవరిలోనే ఆపేశారు. రెండు కార్లలో పదకొండు మందీ, సామానూ పడతాయేమో ఒకసారి చూసుకోండి.

చిన్నోడు_ఇక్కడే
సామాను నేను చూసుకుంటాను. అన్నయ్యా, పెద్ద వ్యాన్ నువ్వు నడుపు, అమ్మ నీ పక్కన కూర్చుంటానంది.